పదకొండూ నలభైకి ఆగిన ఇంజను

“ఇంజను నడిపించుండ్రి” అన్నది కరుణ. “యాకయ్య చచ్చిననాడు ఎట్లున్నదో గట్లనే. ఏదీ బిగించొద్దు, ఏదీ సదరొద్దు.”

ఆ మాటకు భూదేవి ఒకడుగు వెనక్కు వేసింది. మంగళవారం పట్టపగలు, ఈ బావి గట్టు మీది ఇంజను కొట్టంలోనే, జీతగాడు యాకయ్య తల పగిలి చచ్చిపోయాడు. ఇవాళ బేస్తవారం. అప్పటినుంచీ ఆమె ఒక్కగానొక్క కొడుకు ముత్యం ఠాణాలో ఉన్నాడు. ముత్యం బాగుచేసిన ఇంజనే యాకయ్యను చంపిందని పోలీసుల మాట. ఇప్పుడది మళ్లీ తిరిగితే ఎవరి నెత్తి మీదికి వస్తుందో! ఈ పిల్ల నెత్తి మీదికే వస్తుందేమో!

“జర దూరం జరుగు బిడ్డా” అని కరుణ చెయ్యి పట్టి గుంజింది.

“నాకేం కాదు చిన్నమ్మా.”

కరుణ హనుమకొండలో ప్రైవేటు డిటెక్టివు. ముప్పై ఏళ్లు నిండలేదు. ఆమె తండ్రీ, భూదేవి పెనిమిటీ జనగామ లారీ షెడ్డులో ఒకే గుంతలో దిగి పనిచేసినవాళ్లు. ఆ గుంతలో ఉండగానే జాకీ జారి లారీ మీద పడి భూదేవి పెనిమిటి పోయాడు. తండ్రి పోయిన పనిలోకే కొడుకూ దిగాడు. ఆనాటినుంచి భూదేవికి చెవులే కాపలా. ముత్యం ఏ బావి దగ్గర పానా పట్టినా, ఆ ఇంజను చప్పుడు వినపడుతున్నంతసేపే ఆమె ముద్ద మింగేది. చప్పుడు ఆగితే చాలు, కొడుకు చెయ్యి బెల్టులో పడిందనే అనుకునేది.

ఇంజను యజమాని లక్ష్మీకాంత్ రావు ముందుకొచ్చాడు. ఊళ్లో అందరికీ ఆయన దొర. ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతిదాకా మడిచి, “నేనే తిప్పుత. జీతగాండ్లు భయపడుతున్నరు” అన్నాడు.

“మీరా దొరా?” అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హన్మంత్ రెడ్డి, నీళ్ల హౌజు గట్టు మీదినుంచి లేవబోతూ.

“చేతులు మురికైతయని సూస్తే ఎవుసం నడుస్తదా సార్?”

దొర హ్యాండిలు తగిలించి గట్టిగా నాలుగు చుట్లు తిప్పి, మీట వదిలాడు. ఇంజను ఒకసారి దగ్గి, నల్లపొగ కక్కి, అందుకుంది. మొదట మెల్లగా ఊగింది. వేగం పెరిగినకొద్దీ ఊపు పెరిగింది. పైన రేకులు గలగలలాడాయి. గోడ సందులో దోపిన కొడవలి జారి కిందపడింది. భూదేవి గుప్పెట్లో కొంగు నలిపేసింది.

కరుణ మాత్రం ఇంకా దగ్గరికి పోయింది. ఇంజను కూర్చున్న సిమెంటు దిమ్మె మీద చెంబెడు నీళ్లు పెట్టింది. నీళ్లు ఎగిరి చెంబు బయట పడ్డాయి. పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, దాని మొన ఇంజను ఒంటికి ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంది. డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టినట్టు ఒకచోట, ఇంకోచోట, మరోచోట విన్నది. ఆపించి బెల్టు తీయించింది, మళ్లీ నడిపించింది. వేగం తగ్గించమన్నది, పెంచమన్నది. తగ్గిస్తే ఊపు తగ్గింది, పెంచితే పెరిగింది.

“ఇగ ఆపుండ్రి” అన్నది. కొట్టం ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. “కడుపుల రోగం లేదు. లోపల ఎక్కడా దెబ్బ వినొస్తలేదు. దిమ్మె బోల్టులు నాలుగూ బిగువే. బెల్టు తీసినా ఊపు పోలేదంటే పంపుది కూడ తప్పు కాదు. వేగంతోటి పెరిగే ఊపు చక్రానిది.”

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. “శాబాష్ డిటెక్టివమ్మా! గీ ముక్క మేం మంగళవారమే చెప్పినం. చక్రానికి పెట్టిన బాటు ఊడింది. ఎగిరి యాకయ్య నెత్తికి తగిలింది. దీనికి హనుమకొండ నుంచి బస్సు చార్జీలు దండుగ.”

బాటు సంగతి ఊరందరికీ తెలుసు. ఎండలు ముదురుతుండగా ఇంజను చక్రం పగిలింది. కొత్తది రావాలంటే నెల పడుతుంది, వరి ఎండిపోతుంది. ముత్యం మూతపడ్డ పిండిగిర్ని ఇంజను చక్రం తెచ్చి దీనికి ఎక్కించాడు. అది ఒక పక్క బరువు. ఆ బరువుకు సరితూగేటట్టు ఎదుటి పక్క ఆకుకు రెండు శేర్ల ఇనుప తూకం బాటును బోల్టుతో బిగించాడు. కిలోలు వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా పాత శేరు బాట్లు మంచం కింద ఉండనే ఉంటాయి. ఏనాడు దేనికి అక్కరకొస్తాయోనని ఎవరూ పారేయరు. ఆ బాటు పెట్టిన తర్వాత ఇరవై రోజులు ఇంజను మీద పెట్టిన నీళ్లు తొణకలేదు. చూడవచ్చినవాళ్లందరికీ ముత్యం ఆ నీళ్ల చెంబే చూపించాడు.

మంగళవారం ఆ బాటు నెత్తురుతో యాకయ్య పక్కన దొరికింది.

“మూడువందల నాలుగు ఏ. నిర్లక్ష్యం” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “జమానత్, అదే బెయిలు, దొరికే కేసే. రెండేండ్లకు మించి పడదు. దొరగారు జమానత్ నిలబడత అంటున్నరు. ఠాణాకు చిట్టీ రాసిచ్చిన. ఇంకేం గావాలె?”

భూదేవి రెండు చేతులూ జోడించింది. “నీ కాల్మొక్త దొరా. నా పోరడు అన్నం తిన్నడో లేదో. జర జల్ది ఇడిపించు బాంచెన్.”

“ఏడువకు అవ్వా. ముత్యం నా ఇంటి పిలగాడసొంటోడు.”

కరుణ అప్పటికే చక్రం ముందు గొంతుక్కూర్చుంది. బాటు బిగించిన బోల్టును వేలితో తడుముతూ, తల ఎత్తకుండానే అన్నది: “సీఐ గారూ, ముత్యంని ఒక్క మాట అడగాలె. ఈ నట్టు ఏ పానతోటి బిగించిండో. నట్టు సూస్తే సాలు, దీన్ని ఎవరి పాన ముట్టిందో ఆయన చెప్తడు.”

దొర ధోవతి దులుపుకున్నాడు. “అయితే ముత్యంని ఈడికే తోలుకొస్త. నా జీపుంది గద, పది నిమిషాల తొవ్వ. అందరి ముందట అడుగుండ్రి.”

రెండూ పదికి జీపు కదిలింది. దుమ్ము అణిగేదాకా భూదేవి దానికేసి దండం పెడుతూనే ఉన్నది.

“ఇటు రాండ్రి” అని కరుణ ఇన్‌స్పెక్టర్‌ను పిలిచింది. “గీ బోల్టుకు ఏమున్నది?”

“నట్టున్నది.”

“బాటు ఎగిరిపోతే నట్టు ఎట్ల మిగిలింది సార్?”

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి వంగాడు. బోల్టు మరలు చెక్కుచెదరలేదు. నట్టు వాటి మీద నాలుగు చుట్లు ఎక్కి బుద్ధిగా కూర్చుంది.

“బాటు పోవాల్నంటే ముందు నట్టు ఊడాలె. ఊడిన నట్టు గడ్డిల పడాలె, బాయిల పడాలె. దానంతటది వెనక్కొచ్చి మల్ల ఎక్కదు గద? ఎవరో బాటును చేతులతోటి తీసిండ్రు. తీసినంక, పోతదని నట్టును దాని బోల్టుకే పెట్టిండ్రు. మన దిక్కు ఎవుసం చేసేటోడు ఎవడైనా గంతే. మనిషిని చంపిన చెయ్యి గూడ నట్టును పారెయ్యలేకపోయింది.”

“ఇంకోటి” అని కరుణ లేచి నిలబడింది. “చక్రం తిరిగే వరుసల ఎగిరితే బాటు ఎదుటి గోడకు తగలాలె. యాకయ్య పడ్డది ఇరుసు పక్కన, హౌజు కాడ. అటు ఎట్ల మర్లింది?”

ఇన్‌స్పెక్టర్ మీసం దువ్వుకుంటూ కొట్టమంతా ఒకసారి చూశాడు. కొయ్యకు ఆనుకుని నిలబడ్డ నీలిని కరుణ పిలిచింది. తండాలో మెట్ట చెలుక దున్నుకునే తుల్సీరాం భార్య. యాకయ్యను మొదట చూసింది ఆమే.

“ఎన్ని గంటలకు సూసినవ్ నీలీ?”

“బడి అన్నం గంట కొట్టినంక, శానసేపటికి. మల్ల బడి గంట కొట్టకముందు. ఒంటిగంట దాటింది.”

“ఇంజను?”

“దయ్యం పట్టినట్టు ఊగుతున్నది. భయమైంది. దగ్గరికి పోలే. ఉరికి జనాన్ని పిలిచిన.”

“నెత్తురు కారుతున్నదా?”

నీలి కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపింది. “యాడ కారుతున్నది? నల్లగ ఎండిపోయింది. చీమలు వరుస కట్టినయ్.”

“యాకయ్య మీకేమైతడు?”

“ఏంగాడు. మంచోడు. వచ్చే సోమవారం మానుకోటకు వస్తనన్నడు, తాసిల్దారు ముందట సాక్ష్యం చెప్పనీకి. చెలుక మేం పదహారేండ్లసంది దున్నుతున్నమని చెప్తనన్నడు.”

“ఎవరి పేరు మీద ఉన్నదా చెలుక?”

నీలి ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది, జీపు పోయిన బాట వైపు చూసింది.

“ఇగ నువ్వు చిన్నమ్మా” అన్నది కరుణ. “మంగళవారం పొద్దటిసంది నీ చెవిల ఏం పడ్డదో వరుసగ చెప్పు. భయపడకు.”

భయపడకు అన్న మాటే భూదేవికి అన్నిటికన్నా ఎక్కువ భయం. మాట్లాడితే ఏమవుతుందో, మాట్లాడకపోతే ఏమవుతుందో.

“తొమ్మిదిన్నరకు మొదలైంది” అన్నది మెల్లగా. “సల్లగ, బరువుగ నడుస్తున్నది. తొర్రూరు బస్సు వచ్చి హారను కొట్టినప్పుడు ఆగింది.”

“ఆ బస్సు పదకొండూ నలభైకి వస్తది” అని కరుణ కాగితం మీద రాసుకుంది. “తరువాత?”

“తరువాత...”

“ఆగు” అన్నాడు ఇన్‌స్పెక్టర్. దగ్గరికి వచ్చి భూదేవి ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఆ గొంతులో వెటకారం పోయింది. అది ఇంకా భయపెట్టింది ఆమెను. “అవ్వా, నోరు ఇప్పకముందు నా మాట ఇను. ఇంజను నడుస్తుండంగ బాటు ఎగిరిందనుకో, అది తప్పిదం. నీ కొడుకు పొద్దుగూకకముందే ఇల్లు జేరుతడు. ఇంజను ఆపి, ఎవరో బాటు తీసి, మల్ల నడిపిండ్రంటివనుకో, అది ఖూనీ. ఖూనీకి జమానత్ లేదు. మరి ఆ బాటు సంగతి, బోల్టు సంగతి అందరికన్న ఎక్కువ తెలిసినోడు ఎవడు? నట్టును బోల్టుకే పెట్టే అలవాటు మెకానిక్కుకు ఉండదా? మంగళవారం పదకొండు నుంచి ఒంటిగంట దాక వాడు ఒక్కడే తండా బాటల నడుస్తున్ననని చెప్పిండు. సూసినోడు లేడు. ఇప్పుడు చెప్పు. ఎట్ల ఇన్నవు?”

ఒక మాటకు కొడుకు సాయంత్రానికి ఇంటికి వస్తాడు. ఇంకో మాటకు ఉరికంబం. కరుణ వైపు చూసింది. ఆ పిల్ల ఏ సైగా చేయలేదు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆగలేదని చెప్తే ఏం పోయె? ముసల్ది, సరిగ వినలేదనుకుంటారు. నోరు తెరిచింది. నడుస్తుండగానే ఊడిందని అనబోయింది. అంతలోనే తట్టింది. ఊడిందంటే ముత్యం సరిగ్గా బిగించలేదన్నట్టు. యాకయ్య పెండ్లాం రేపు వీధిలో ఎదురైతే, నీ కొడుకు చేతిపనికి నా మొగడు పోయిండంటే, ముత్యం తలెత్తి ఏ ఇంజనును ముట్టుకుంటాడు? లారీ కింద పెట్టిన జాకీ సరిగ్గా నిలబెట్టనివాడెవడో ఈనాటికీ ఆమెకు తెలియదు. తెలిస్తే ఏం చేసేదో కూడా తెలియదు.

“నా కొడుకు బిగించిన నట్టు ఊడది” అన్నది భూదేవి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “బస్సు వచ్చినప్పుడు ఆగింది. ఆగంగనే నేను బయటికొచ్చి నిలబడ్డ. శానసేపు రాలే. మల్ల మొదలైనప్పుడు చప్పుడు మారింది. కుంటోడు నడిచినట్టు, ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. బడి అన్నం గంటకు ఇంకొంత యాళ్లున్నది అప్పటికి.”

“గంట పన్నెండున్నరకు. అంటే పన్నెండూ పది, పదిహేను” అని కరుణ రాసుకుంది.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. “అర కోసు దూరం నుంచి బాటు ఉన్నదో లేదో చెవితోటి చెప్పింది! కోర్టుల నవ్విపోతరు కరుణమ్మా.”

“పరీక్ష పెట్టుండ్రి. ఇనకుంటనే నవ్వుడు ఎందుకు?”

“పెడత.”

భూదేవిని దూరంగా పొలం ఒడ్డు అవతల, ఇంజనుకు వీపు పెట్టి కూర్చోబెట్టారు. తలమీద కొంగు కప్పుకుంది. ఎదురుగా నీలి నిలబడ్డది, అవ్వ వెనక్కి తిరగకుండా చూడడానికి. ఏది పెట్టాలో ఏది తీయాలో ఇన్‌స్పెక్టరే వేళ్లతో సైగ చేశాడు. కరుణ ఆయన చెప్పినట్టు చేసి, తండ్రి దగ్గర నేర్చిన ఒడుపుతో హ్యాండిలు తిప్పింది. భూదేవి మంచం కిందినుంచి తెచ్చిన ఇంకో రెండు శేర్ల బాటు కరుణ సంచిలో ఉన్నది, చక్రానికి దాన్నే వాడారు.

మొదటిసారి ఇంజను నడిచింది. ఆగింది.

“బాటు ఉన్నది. బెల్టు లేదు. వట్టిగ తిరిగింది” అన్నది భూదేవి.

రెండోసారి నడిచింది. “గిదే. మంగళవారం రెండోసారి ఇన్నది గిదే. ఆపుండ్రి, ఆపుండ్రి!”

మూడోసారి ఇన్‌స్పెక్టర్ కొట్టం వెనక్కు పోయాడు. పొగ గొట్టం చివర ఒక ఖాళీ రేకు డబ్బా బోర్లించి ఉంది. ఈ దిక్కున ప్రతి బావి ఇంజనుకూ అట్లా ఒక డబ్బా ఉంటుంది. ఒకదాని గొంతు ఇంకోదానికి ఉండదు. ఇంట్లో కూర్చున్న రైతు తన ఇంజను నడుస్తున్నదో లేదో ఆ గొంతును బట్టి తెలుసుకుంటాడు. ఇన్‌స్పెక్టర్ ఆ డబ్బా ఒక్కటే తీశాడు. చక్రం జోలికి పోనియ్యలేదు. ఇంజను నడిచి ఆగింది.

“బాటు ముందటి లెక్కనే లేదు. డబ్బ తీసిండ్రు” అన్నది భూదేవి ఒడ్డు అవతలినుంచి. “మల్ల పెట్టుండ్రి సారూ, మసి మీ బట్టలకు అంటుతది.”

ఇన్‌స్పెక్టర్ తన చొక్కా చూసుకున్నాడు. నిజంగానే అంటింది. నీలి మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“సరే” అన్నాడాయన, రుమాలుతో తుడుచుకుంటూ. “ఖూనీ అని ఒప్పుకుంటున్న. అయితే మొదటి ముద్దాయి ముత్యమే.”

భూదేవి ఒడ్డు మీద అట్లాగే కూలబడింది. తాను చెప్పిందే అయింది. తన నోటితోనే అయింది.

“నట్టు మూలలు సూడుండ్రి” అన్నది కరుణ. “ముత్యం కొలత తప్పని రింగుపాన వాడుతడు. ఈ ఇంజను మీద ఆయన ముట్టిన నట్లన్నీ సూసిన, ఒక్క మూల అరగలే. ఈ ఒక్కదానికే పండ్ల గాట్లున్నయ్. పైపులు తిప్పే పండ్ల పానతోటి పీకిండ్రు. ముత్యం పనిముట్ల డబ్బ మీ ఠాణాలనే ఉన్నది. అండ్ల పైపు పాన ఉన్నదా?”

“లేదు” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “లిస్టు నేనే రాసిన.”

“సంపినోడు ఇంజను మల్ల ఎందుకు నడిపిండు? అది ఊగుతుంటే తప్పిదం అనుకుంటరని. ఇంకొకటి, ఇంజను చప్పుడు వినొస్తున్నంతసేపు యాకయ్య బతికున్నడని ఊరంత అనుకోవాల్నని. అంటే పన్నెండూ పది తరువాత తాను ఇంకోచోట ఉన్నట్టు నలుగురికీ కనపడి ఉంటడు. చిన్నమ్మా, ఇంజను రెండోసారి మొదలైనంక మీ ఇంటి దిక్కు ఎవరన్న వచ్చిండ్రా?”

భూదేవి బుర్రలో ఆ మధ్యాహ్నం మళ్లీ కదిలింది. వాకిట్లో నీడ పడింది. నీళ్లియ్యమని అడిగిన గొంతు. చెంబు అందుకున్న చెయ్యి. నీళ్లు తాగుతుండగా బడి గంట కొట్టింది. ‘అవ్వా, నీ కొడుకు చేసిన ఇంజను ఎట్ల నడుస్తున్నదో ఇన్నవా? మా యాకయ్య అన్నం యాళ్లకు గూడ ఆపుతలేడు’ అని నవ్వు. ఇంత పెద్దమనిషి తన కొడుకును మెచ్చుకున్నాడని ఆమె పొంగిపోయింది. చప్పుడు బాగాలేదని చెప్పబోయి, ఆ మెప్పు పోతుందని మింగేసింది.

“దొర” అన్నది. “దొర వచ్చిండు.”

“ఏ దిక్కునుంచి?”

భూదేవి చెయ్యి ఎత్తి, తాము నిలబడ్డ కొట్టాన్నే చూపించింది.

“నోరు అదుపుల పెట్టుకోండ్రి!” ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. “జమానత్ నిలబడ్డ మనిషి మీద నింద వేస్తరా? మంచినీళ్లు తాగితే ఖూనీదారా? కరుణమ్మా, ఈ మాట బయటికి పోతే నీ లైసెన్సూ గీసెన్సూ...”

“లైసెన్సు లేదు సార్ మా పనికి. చెలుక ఎవరి పేరు మీదున్నదో నీలిని మీరే అడుగుండ్రి. ఇంజను ఇందాక దొర తిప్పితే ఒక్క పట్టుకు అందుకున్నది సూసిండ్రా? బాటు లేని చక్రం హ్యాండిలును వెనక్కు తంతది. కొత్తోడైతే మణికట్టు ఇరుగుతది. ఆయన నాలుగు చుట్లు తిప్పి అలవాటైనట్టు వదిలిండు. బాటు లేకుంట ఆ ఇంజనును ఇంతకుముందు ఎప్పుడు తిప్పిండు?”

ఇన్‌స్పెక్టర్ బదులు చెప్పేలోపే బాట మీద సైకిలు గంట మోగింది. కానిస్టేబుల్ కిష్టయ్య చెమటలు కక్కుకుంటూ వచ్చి, సైకిలు ఒడ్డుకు ఆనించి సెల్యూటు కొట్టాడు. కరుణ గడియారం చూసుకుంది. మూడూ పదిహేను.

“మానుకోట దవాఖాన నుంచి డాక్టరు కాగితం వచ్చింది సార్. అర్జంటు అన్నరు.”

ఇన్‌స్పెక్టర్ లకోటా చింపి చదివాడు. కాగితం కరుణ చేతికిచ్చాడు.

“రెండు దెబ్బలు” అని ఆమె పైకి చదివింది. “ఒకటి ముందు, సన్నగ, పొడుగ్గ. ఇంకోటి తరువాత, మొద్దుగ. రెండో దెబ్బ తగిలేటాళ్లకు ప్రాణం లేదు.” కాగితం మడిచింది. “ముందు పానతోటి కొట్టిండు. బాటుకు నెత్తురు అంటాలె గద, అందుకోసం రెండోది.”

ఇన్‌స్పెక్టర్ హౌజు గట్టు మీద కూర్చున్నాడు. వెంటనే లేచాడు. “కిష్టయ్యా, ముత్యంని ఎవరికీ అప్పజెప్పకు. నా చిట్టీ రద్దు. ఉరికి పోయి చెప్పు!”

కిష్టయ్య అయోమయంగా చూశాడు. “అప్పజెప్పినం గద సార్. దొరగారు మీ చిట్టీ తెచ్చిండు. రెండున్నరకు సంతకం పెట్టి, ముత్యంని జీపుల కూసోబెట్టుకున్నడు. బాయి కాడికే పోతున్నం, ఇంజను సూపెట్టాలె అన్నడు.”

“పనిముట్లు?” అన్నది కరుణ.

“ముత్యం అడిగిండమ్మా, నా డబ్బ ఇయ్యుండ్రి, పాన లేకుంట ఏం సూడాలె అని. దొర నవ్విండు. ఎందుకురా, పైపు పాన జీపుల ఉండనే ఉన్నది అన్నడు.”

కరుణ జీపు పోయిన బాట వైపు తిరిగింది. “పాన సంగతి ఆయన ముందట నోరు జారింది నేనే” అన్నది తనలో తాను. ఇన్‌స్పెక్టర్ అప్పటికే తన జీపు వైపు పరుగెత్తుతున్నాడు. ఏ బాటన పోవాలో తెలియక సగం దూరంలో ఆగి, కిష్టయ్యను కేకేశాడు. “నువ్వు ఎప్పుడు బయల్దేరినవ్?”

“వాళ్లు పోయినంక పది నిమిషాలకు సార్. ఈ బాటనే తొక్కుకుంట వచ్చిన.” కిష్టయ్య కొట్టంలోకి తొంగిచూశాడు, హౌజు వెనక చూశాడు, చివరకు భూదేవి ముఖంలోకి చూశాడు. “ఏందవ్వా, ముత్యం ఇంక రాలేదా?”